పడవ పట్టిన చెయ్యి

కళింగపట్నంలో ఈత రాని మగవాడు ఉంటే ఉంటాడేమో గానీ, అప్పలసూరి బంతి పిచ్చి సంగతి తెలియని మనిషి మాత్రం ఉండడు. హైస్కూలు ఆవరణలో ఎవరో దాత పాతించి వెళ్లిన బాస్కెట్‌బాల్ స్తంభం ఒకటి ఉండేది. ఉప్పుగాలికి సగం తుప్పు తినేసింది. రింగుకి వల లేదు. సూరి తొమ్మిదో తరగతిలో ఉండగా ఇంట్లో చేపల వేట వల కోసి దానికి కట్టాడు. నాయన దాలయ్య వీపు చిట్లగొట్టాడు. మర్నాడు సాయంత్రం మళ్లీ ఆ స్తంభం కిందే ఉన్నాడు. అదీ పిచ్చంటే.

ఆ స్తంభం కిందే వాడికి ప్రద్యుమ్న దొరికాడు. తెలుగు పండితుడు నారాయణమూర్తిగారి ఒక్కగానొక్క కొడుకు. తాతల నాటి నుంచి గుడి సేవలో ఉన్న కుటుంబం. ఇంట్లో తెల్లారితే సంగీతం, పొద్దుగూకితే శ్లోకం. ఆ పిల్లాడికి రెండూ అబ్బలేదు, బంతి అబ్బింది. సూరి వాణ్ణి "పంతులూ" అనేవాడు. చేపల కంపని చెప్పి రైతుల పిల్లలెవరూ సూరి బెంచీ మీద కూర్చోని రోజుల్లో ప్రద్యుమ్న వెళ్లి పక్కన కూర్చున్నాడు. ఈ మాట ముందే చెప్పెయ్యాలి. లేకపోతే తర్వాత జరిగినదంతా విని వాడు పుట్టు దుర్మార్గుడనుకుంటారు. పుట్టు దుర్మార్గుడైతే ఏడుపే లేకపోవును.

మూడోవాడు హరిబాబు, సూరికి మేనమామ కొడుకు. ఊరి మొదట్లో సెల్‌ఫోన్ల దుకాణం పెట్టాడు. ప్రద్యుమ్న వ్యాయామ విద్య చదివి, ఉద్యోగం దొరక్క ఇంటికొచ్చి కూర్చున్న ఏడాది, అంటే రెండువేల పదమూడులో, ఆ దుకాణంలోని కంప్యూటర్లోనే ముగ్గురికీ ప్రపంచ రికార్డుల పురుగు తొలిచింది. ఎక్కడో ఎవడో వేలి మీద బంతి తిప్పుతూ భోంచేశాడట. ఇంకెవడో వెనక్కి నడుస్తూ రెండు బంతులు కొట్టుకుంటూ పోయాడట. వాళ్ల పేర్లు పుస్తకంలో ఎక్కాయట. ఇదేమంత పని అనుకున్నారు మనవాళ్లు. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందని ఊళ్లో వాళ్లు నవ్వారు. నవ్వితే నవ్వనీ.

ముందు వెనక్కి నడక. శ్రీకాకుళం దాకా రోడ్డు మీద వెనక్కి నడుస్తూ బంతి కొట్టుకుంటూ పోవాలని బయల్దేరారు. ఊరి పొలిమేర దాటకుండానే కుక్కలు వెంటపడ్డాయి. ఆ పైన గేదెల మంద అడ్డొచ్చింది. ప్రద్యుమ్న వెనక్కి నడుస్తూ నడుస్తూ ఒక గేదె మీదికి వెల్లకిలా పడ్డాడు. గేదెల వాడు బంతి పట్టుకుపోయాడు. వాడి దగ్గర బతిమాలి దాన్ని తెచ్చుకునేసరికి చీకటి పడింది.

తర్వాత సూరి తెడ్డు పిడి మీద బంతి తిప్పాడు. అది మాత్రం నిజంగా చూడాల్సిందే. పడవలో నిలబడి, అలకి ఊగుతూ, తెడ్డు కొన మీద బంతి అలా తిరుగుతూనే ఉంది. హరిబాబు పొల్లుపోకుండా వీడియో తీశాడు. సాక్షులు కావాలన్నారని ఊళ్లో పెద్దలు నలుగురు కెమెరా ముందు నిలబడి, ఎవరికి వారు గొప్పగా చెప్పుకున్నారు. "నాను ఈడి సిన్నాన్నని. మా ఓడే." "నాను పిల్లనిచ్చిన మావని." "నాకు బావ అవుతాడు, ఈడు అబద్దమాడడు." ఇంకేముంది. సాక్షులందరూ చుట్టాలే కాబట్టి చెల్లదని రికార్డుల వాళ్లు తిప్పి కొట్టారు.

అప్పలసూరి అది విని తెల్లబోయాడు. "ఊర్లో చుట్టం కానోడు ఎవుడున్నాడు పంతులూ. ఆలకి తెల్దేటి, చుట్టం కానోడు మనకోసం ఎందుకొచ్చి నిలబడతాడు."

ఈ అమాయకత్వమే వాణ్ణి ముంచింది. కానీ ఆనాటికి అది నవ్వులాటగానే ఉంది.

పడవ ఆలోచన కూడా సూరిదే. ఒకరోజు వేట నుంచి వస్తూ, గట్టు మీదున్న హరిబాబుకి పడవలోంచి బంతి విసిరాడు. విసిరి అలాగే నిలబడిపోయాడు. "నేల మీద రికార్డులన్నీ ఎవుడో ఒకడు కొట్టీసినాడు. నీల్ల మీద కొట్టినోడు ఉన్నాడేటి? పడవలోంచి గట్టు మీది రింగులోకి ఎయ్యాల. ఎంత దూరం నుంచి ఎయ్యగలిస్తే అంత రికార్డు." ప్రద్యుమ్న వాణ్ణి కౌగిలించుకున్నాడు. నువ్వు లేకపోతే నేను లేనురా అన్నాడు. అప్పుడు అన్నాడు.

వంశధార సముద్రంలో కలిసే చోటుని ఊళ్లో మొగ అంటారు. నది బయటికి తోస్తుంది, సముద్రం లోపలికి తోస్తుంది, మధ్యలో పడవ పిచ్చెత్తినట్టు తిరుగుతుంది. అక్కడి గట్టు మీద రింగు పాతారు. నిలకడ నీళ్లలో వేస్తే చెల్లదని కాదు, మొగలో వేస్తేనే దానికో గొప్ప అని ప్రద్యుమ్న పట్టుదల. అలకీ అలకీ నడుమ ఒక్క ఊపిరి సేపు పడవ కదలకుండా ఆగుతుంది. ఆ ఊపిరిలో బంతి చెయ్యి వదలాలి. తెడ్డు పట్టుకుని పడవని ఆ చోట నిలిపి, "ఇప్పుడు" అని చెప్పే పని సూరిది. విసిరే పని ప్రద్యుమ్నది. మొదట్లో సూరి కూడా విసిరి చూశాడు, బాగానే వేశాడు. కానీ వాడు విసురుతుంటే తెడ్డు ఎవరు పట్టాలి? ప్రద్యుమ్న పట్టుకుంటే పడవ గిరగిరా తిరిగి, వీడియో తీస్తున్న హరిబాబుతో సహా ముగ్గుర్నీ నీళ్లలో పడేసింది. అలా పనులు వాటంతటవే పంచుకుపోయాయి.

ఈ ఆట గౌరికి నచ్చలేదు. గౌరి సూరి భార్య. ఆమె తమ్ముడు ఆ మొగలోనే పడవ తిరగబడి పోయాడు. శవం మూడో ఊరి ఒడ్డుకి కొట్టుకొచ్చింది. పెళ్లైన దగ్గర్నుంచీ ఆమెది ఒకటే మాట. సముద్రం ఒగ్గీ, ఏదో ఒక గట్టు పని సూసుకో అని. ఇప్పుడు కడుపుతో కూడా ఉంది. "వేటకెల్లినావంటే పొట్ట కోసమనుకుంటాను. బంతి కోసం మొగలోకెల్తావేటి," అని అరిచేది.

ఆ అరుపుకి జవాబు రాజాం నుంచి వచ్చింది. అక్కడొక ప్రైవేటు కాలేజీ కరస్పాండెంటు నరసింగరావుకి తన కాలేజీ పేరు పేపర్లో పడాలని మహా తాపత్రయం. ప్రద్యుమ్న వెళ్లి చుట్టాలు కాని సాక్షులు కావాలని అడిగితే, లెక్చరర్లని పంపుతానన్నాడు. ఒకరోజు తానే కారేసుకుని కళింగపట్నం వచ్చి, సూరి ఇంటి ముందు కుర్చీలో కూర్చుని, కొబ్బరి నీళ్లు తాగుతూ మాటిచ్చాడు.

"మీరు రికార్డు కొట్టండయ్యా. కొట్టినవాళ్లని నేను వదులుకోను. చదువున్నవాడికి ఫిజికల్ డైరెక్టర్ పోస్టు, చదువు లేనివాడికి గ్రౌండు పని. మా స్పోర్ట్స్ సెక్షన్లో అందరికీ చోటుంది."

తలుపు చాటు నుంచి గౌరి ఆ మాట విన్నది. ఆ సాయంత్రం నుంచి అరవడం మానేసింది. అంతేకాదు, సూరి మొగలోంచి తిరిగొస్తే వేణ్ణీళ్లు కాచి పెట్టేది. రాజాంలో అద్దె ఇల్లు ఎలా ఉంటుంది, అక్కడ నీళ్లు ఉప్పగా ఉండవట కదా అని అడిగేది. సూరికి ఆ శీతాకాలమంతా రింగు ఒక్కటే కనిపించింది. రింగు వెనక గ్రౌండు, గ్రౌండుకి నీళ్లు కొడుతున్న తాను, సాయంత్రానికి ఇంటికి నడిచొస్తున్న తాను. తెల్లారుజామున వేటకి పోయి, మధ్యాహ్నం వచ్చి, నడుము వాల్చకుండా మళ్లీ మొగలోకి దిగేవాడు.

మాఘమాసంలో సముద్రం కాస్త మెత్తబడింది. రోజు ఖాయం చేశారు. రాజాం నుంచి లెక్చరర్లు వచ్చారు, టేపు పట్టుకుని సర్వేయరు వచ్చాడు, ఊరు ఊరంతా గట్టు మీదికొచ్చింది. పడవ ఎక్కబోయే ముందు ప్రద్యుమ్న సూరిని పక్కకి పిలిచాడు.

"ఒరే సూరీ, ఒక చిక్కుంది. ఒక్క పేరు మీదైతే ఇవాళే అయిపోతుంది. ఇద్దరి పేర్లంటే జట్టు రికార్డు అవుతుందట. దానికి మళ్లీ అనుమతి రావాలి, నెలలు పడుతుంది. ఈలోగా సముద్రం మళ్లీ ఎలా ఉంటుందో. ఏం చేద్దామంటావు?"

అడిగాడు. అడగకుండా చేశాడని ఎవరూ అనలేరు. సూరి ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ఆలోచించడానికి వాడికందులో ఏమీ కనపడలేదు మరి. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ వాడు చూసిన పద్ధతి ఒకటే. పడవ ఒకరి పేరునే ఉంటుంది. వేట మీద వచ్చినది మాత్రం గట్టు మీద పాళ్లు వేస్తారు. పడవకో పాలు, వలకో పాలు, ఎక్కిన ప్రతి మనిషికీ ఒక పాలు. పేరు నాది కాబట్టి చేపలన్నీ నావే అన్న మగవాణ్ణి కళింగపట్నం ఇంతవరకూ చూడలేదు. అలాంటివాడు పుడితే, వాడి పడవని ఒడ్డుకి లాగడానికి మర్నాడు ఒక్క చెయ్యి కూడా రాదు.

"ఎవులి పేరైతే ఏటి పంతులూ," అన్నాడు సూరి. "మా పడవ మా అయ్య పేర్న నేదేటి. పేరు పేరే, పాలు పాలే. నీ పేరు రాయించీసుకో. బేగి ఎక్కు, పోటు తగ్గిపోతంది."

"నీ పాలు ఎక్కడికీ పోదురా," అన్నాడు ప్రద్యుమ్న. కళ్లనీళ్లు కూడా పెట్టుకున్నాడు. అబద్ధమని నేననను. ఆ క్షణంలో నిజమే అయ్యుంటుంది.

పొద్దున్నంతా బంతులు నీళ్లపాలే. రింగుకి తగిలి పడ్డవి, అసలు చేరనివి, గాలికి పక్కకి పోయినవి. ప్రద్యుమ్న భుజం పట్టేసింది, ఇక చాలన్నాడు. సూరి వినలేదు. అరచేతుల్లో కాయలు చిట్లి తెడ్డు పిడి నెత్తుటితో తడిసిపోయింది. పడవని ఇంకాస్త కిందికి జార్చి, నది తోపుకి అడ్డంగా పెట్టి, కాళ్లు పక్కచెక్కలకి తన్ని పట్టి నిలిపాడు. అల లేచింది, దిగింది. "ఇప్పుడు," అన్నాడు. ప్రద్యుమ్న సముద్రం వంక చూడనైనా లేదు, ఆ మాట వినబడగానే వదిలేశాడు. బంతి వెళ్లి రింగులో దిగింది. రింగు అంచుకి తగిలిన చప్పుడైనా లేదు.

గట్టు మీద జనం ప్రద్యుమ్నని భుజాల మీదికెత్తుకున్నారు. సూరి పడవని ఒడ్డుకి చేర్చి, తాడు కట్టి వచ్చేసరికి ఫొటోలు అయిపోయాయి. పడవ కట్టకుండా వస్తే కొట్టుకుపోదూ మరి.

రికార్డు ఖాయమైందని కబురొచ్చింది. సూరి అదే వారం పడవలో తన చోటు తమ్ముడి వరసైన ఈశ్వర్‌కి ఇచ్చేశాడు. ఒకసారి ఇచ్చాక, సొంత నాయన పడవైనా సరే, ఊళ్లో ఆ చోటు తిరిగి అడగరు, అడిగితే మర్యాద కాదు. "రాజాం ఎల్లిపోతన్నాను," అని అందరికీ చెప్పుకున్నాడు. గౌరి గిన్నెలు సర్దింది. ప్రద్యుమ్న ముందు వెళ్లి డైరెక్టర్ పోస్టులో చేరాడు. పదిరోజుల్లో నీ సంగతి చూస్తానన్నాడు. నెల అయింది. ఫోన్ చేస్తే మీటింగులో ఉన్నానన్నాడు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య అని మన పెద్దవాళ్లు ఊరికే అనలేదు.

కాలేజీలో సన్మాన సభ పెట్టారు. పిలుపు సూరికి హరిబాబు ద్వారా వచ్చింది. నెలలు నిండిన గౌరి నేనూ వస్తానని పట్టుబట్టింది. ఇద్దరూ రెండు బస్సులు మారి రాజాం చేరి, షామియానా కింద ఆఖరి వరసలో కూర్చున్నారు. వేదిక మీద ప్రద్యుమ్నకి శాలువా కప్పారు. వాడు మైకు పట్టుకుని చక్కగా మాట్లాడాడు, పండితుడి కొడుకు కదా. నాన్నగారి ఆశీస్సులన్నాడు. కరస్పాండెంటుగారి ప్రోత్సాహమన్నాడు. ఏకాగ్రత అన్నాడు. అల కదలికని తాను ఎలా సాధన చేసి పట్టుకున్నాడో చేతులు తిప్పి చూపించాడు. చివర్న, "సహకరించిన మా ఊరి పడవవాళ్లకి కూడా కృతజ్ఞతలు," అన్నాడు.

పడవవాళ్లు. సూరి అటూ ఇటూ చూశాడు. ఇంకెవరైనా ఉన్నారేమోనని.

సభ అయ్యాక మెట్ల దగ్గర ప్రద్యుమ్న ఎదురుపడ్డాడు. నరసింగరావు పక్కనే ఉన్నాడు. సూరి నమస్కారం పెట్టాడు. ఆయన గుర్తుపట్టలేదు. "ఎవరితను?" అని అడిగాడు.

ప్రద్యుమ్న ఒక్క క్షణం తడబడ్డాడు. "మా ఊరే సార్. పడవ నడుపుతాడు," అన్నాడు.

ఆయన కారెక్కాక సూరి నోరు విప్పాడు. "గ్రౌండు పనని సెప్పినారు కదేటి పంతులూ."

"అడిగానురా. రికార్డులో పేరున్నవాళ్లకైతే ఏదో చెయ్యొచ్చంటున్నారు. నీ పేరు లేదు కదా. పేరు వద్దన్నది నువ్వే కదరా, గుర్తుందా? నేను నిన్ను అడిగే చేశాను."

"పేరొద్దన్నాను. పాలొద్దన్నానేటి."

"ఇది చేపల వేట కాదు సూరీ," అన్నాడు ప్రద్యుమ్న, మెల్లగా, పిల్లాడికి పాఠం చెప్పినట్టు. ఆ మెల్లదనానికే సూరి పిడికిలి బిగించాడు. కొట్టేసేవాడే. గౌరి చెయ్యి పట్టుకుని ఉంది కాబట్టి ఆగాడు. ఒకడు పిడికిలి బిగించి కూడా ఊరుకున్నాడంటే వాడి చేతకానితనమని జనం అనుకుంటారు. కడుపుతో ఉన్న మనిషిని రెండు బస్సులు మార్చి తిరిగి ఇంటికి తీసుకుపోవాలి, అదీ సంగతి.

ఆడపిల్ల పుట్టింది. అరుణశ్రీ అని పేరు పెట్టారు. ప్రద్యుమ్న ఒక్కసారి వచ్చాడు, పిల్లకి బట్టలు, స్వీట్ల డబ్బా పట్టుకుని. సూరి ఇంట్లో లేడు. గౌరి మంచినీళ్లిచ్చింది, కుర్చీ వేసింది. వాడు తాగి, మీరందరూ నామీద కోపంగా ఉన్నారని మొదలుపెట్టాడు.

"కోపమేటి బాబూ," అంది గౌరి. "సిన్నప్పటి నుంచి మా ఇంటికొచ్చినావు, ఒక్కనాడూ సేప ముట్టుకోనేదు. మడిసిని మాత్రం ముల్లు మిగలకుండా తినీసినావు."

వాడు లేచి వెళ్లిపోయాడు. డబ్బా అరుగు మీదే ఉంది. సూరి వచ్చి చూసి, దాన్ని హరిబాబు దుకాణంలో ఇచ్చేసి వచ్చాడు. ఆ తర్వాత ప్రద్యుమ్న ఆ వీధిలోకి రాలేదు.

పడవలో చోటు పోయింది, గ్రౌండూ రాలేదు. ఊళ్లో ఎదురైన ప్రతివాడూ, "ఏరా సూరీ, రాజాం ఎప్పుడు," అని అడగడం. కొందరు తెలియక అడిగారు, కొందరు తెలిసే అడిగారు. చివరికి వాడు ఒడిశాలోని పారాదీప్ పోయి ఇంజను బోటెక్కాడు. ఊళ్లో వేటంటే పొద్దున పోయి మధ్యాహ్నానికి వచ్చే వేట. పారాదీప్ బోటు వెళ్లిందంటే వారాల తరబడి నేల కనపడదు. సముద్రం ఒగ్గీమన్న గౌరికి, సముద్రం మొగుణ్ణి పూర్తిగా పట్టుకుపోయింది. బస్సు ఎక్కేనాడు ఆమె ఏడవలేదు. పిల్లని చంకనేసుకుని, "జాగర్త," అంది. అంతే.

రెండువేల పదహారులో ఒక మధ్యాహ్నం. బోటు రేవులో ఐసు ఎక్కించుకుంటోంది. కొత్తగా చేరిన రాముడు, ఇచ్ఛాపురం వైపు మనిషి, ఫోన్లో ఏదో చూస్తూ నవ్వుకుంటున్నాడు. "అన్నా, ఇది మీ కళింగపట్నమేనంట కదా. సూడు, ఒకడు పడవలోంచి బంతి ఎలగేసినాడో," అని ఫోన్ సూరి చేతిలో పెట్టాడు.

సూరి ఆ వీడియో అంతవరకూ చూడలేదు. హరిబాబు చూపిస్తానన్నా వద్దన్నాడు. ఇప్పుడు చూశాడు. కింద కాలేజీ పేరు, పైన ప్రద్యుమ్న పేరు. హరిబాబు తీసిన బొమ్మని రెండు పక్కలా కత్తిరించి, ప్రద్యుమ్న ఒక్కడూ నిండుగా కనపడేలా చేశారు. సూరి మొహం లేదు. ఎడమవైపు అంచున తెడ్డు పట్టుకున్న చెయ్యి ఒకటి, మణికట్టు దాకా. సూరి "ఇప్పుడు" అనే మాట కోసం ఫోన్ చెవి దగ్గర పెట్టుకున్నాడు. ఆ మాట కూడా లేదు. దాని మీద ఏదో బాజా వేశారు. బంతి రింగులో పడింది, జనం చప్పట్లు కొట్టారు.

రాముడు వంగి చూశాడు. "అలగ తిరిగీ నీల్లలో పడవని భలే నిలిపినాడన్నా. ఆ సెయ్యి ఎవులిది? మీ ఊరోడే కదా, నీకు తెలిసుంటాది."

సూరి ఫోన్ తిరిగి ఇచ్చేశాడు. చేతులు పంచెకి తుడుచుకున్నాడు. ఐసు గంపకి ఒక పక్క పట్టి, రెండో పక్క పట్టమని రాముడికి సైగ చేశాడు.

"తెల్దురా," అన్నాడు అప్పలసూరి.